దూబేజీ చేత మా తాతకు నీళ్ళిప్పించిన వైనం

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పేసుకుంటాను, తరువాత మీరు నవ్వినా తిట్టినా నాకు బెంగ ఉండదు. మహాలయ అమావాస్య నాడు, రాయ్‌పూర్ మహాదేవ్‌ఘాట్ మెట్ల మీద కూర్చుని, మా పక్కింటి దూబేజీ చేత, వాళ్ళ నాన్నగారికి అని చెప్పి, మా తాతకు నీళ్ళిప్పించాను. ఒక్క దూబేజీతో ఆగి ఉంటే ఏదో పొరపాటనుకోవచ్చు. ఆయన పక్కన చేరిన వరస మొత్తం చేత ఇప్పించాను. ఆ పూట ఖారూన్ నదిలో నీళ్ళు తగ్గి ఉంటే దానికి కారణం ఎండ కాదు, మా తాత.

ఈ ఘోరం మీకు పూర్తిగా అర్థం కావాలంటే ముందు మా తాత గురించి చెప్పాలి. ఆయన రైల్వేలో గార్డు. శ్రీకాకుళం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో దిగి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. బతికినన్నాళ్ళూ ఆయన ప్రపంచంలో నమ్మనిది ఒక్కటే, నీళ్ళు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు ముట్టేవారు కాదు. మరిగించి, చల్లార్చి, పలచటి గుడ్డలో వడగట్టిన నీళ్ళను ఇత్తడి కూజాలో పోసుకుని, ఆ కూజాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని డ్యూటీకి వెళ్ళేవారు. పచ్చజెండా మరిచిపోయిన రోజు ఉందేమో గాని కూజా మరిచిపోయిన రోజు లేదు. పెళ్ళిలో పన్నీరు చల్లబోతే 'మరిగించారా' అని అడిగిన మనిషి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరం పడుతుంది.

ఇక మా నాన్న. ఆయనదీ రైల్వేయే, అప్పటికి రిటైరయ్యారు. ప్రతి అమావాస్యకూ పెరట్లో దక్షిణం వైపు తిరిగి కూర్చుని, జంధ్యం కుడిభుజం మీదికి మార్చుకుని, వేలికి దర్భ ఉంగరం తొడుక్కుని, నల్లనువ్వులు కలిసిన నీళ్ళను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడుస్తూ తర్పణం వదిలేవారు. పోయినవాళ్ళకు దాహం వేస్తుందట. వాళ్ళను గోత్రం చెప్పి, పేరు పెట్టి పిలిచి గుక్కెడు నీళ్ళిస్తే తృప్తిపడి దీవిస్తారట. ఆ పేరు పెట్టి పిలవడంలోనే ఉంది ప్రాణమంతా. పిలవకుండా వదిలితే అవి చేతులు కడుక్కున్న నీళ్ళతో సమానం.

తండ్రి ఉండగా కొడుకు తర్పణం వదలకూడదు కాబట్టి నా ఉద్యోగం నువ్వుల పళ్ళెం పట్టుకోవడం. చిన్నప్పటి నుంచి పట్టుకుని పట్టుకుని, ఆ మంత్రం మొత్తం నాకు స్టేషన్లో మైకు పలికినట్టు వచ్చేసింది. ఆగకుండా, తడబడకుండా, ఏమంటున్నానో పట్టించుకోకుండా. "అస్మత్ పితరం నరసింహ శర్మాణం భారద్వాజ గోత్రం వసురూపం" అని ఎవరైనా అందించారా, ఇక తర్పయామి తర్పయామి అనుకుంటూ చివరి స్టేషన్ దాకా నాన్‌స్టాప్. అందులో నరసింహ శర్మ అంటే మా తాతేనని నాకు తెలియదా? ఎవరైనా అడిగితే చెప్పగలను. ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. నేను రైల్వే ఆఫీసులో కొత్త గుమాస్తాను, లోకంలో నాకు తెలియనిది లేదని నమ్మే వయసు. మా గోడకు అవతల ఇల్లు దూబేజీది. బ్యాంకులో పని. ఎంత మర్యాదస్థుడంటే, కుక్క అడ్డం వస్తే హారన్ కొట్టకుండా స్కూటర్ ఆపి అది వెళ్ళేదాకా చూసేవాడు. ఆ ఏడు పితృపక్షంలో వాళ్ళ నాన్నగారి తిథి నాడు బ్యాంకులో ఆడిట్ పడి తర్పణం తప్పిపోయింది. అంతే, వాళ్ళమ్మగారికి కల వచ్చింది. కాలనీ అంతా ఆమెను అమ్మాజీ అనే పిలిచేది. కలలో ఆమె భర్త ఖాళీ లోటా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారట. లోపలికి రారు, వెనక్కి వెళ్ళరు, మాట్లాడరు. మిగిలింది అమావాస్య ఒక్కటే. ఆ రోజు ఆయన తాగేదాకా తాను పచ్చి మంచినీళ్ళు ముట్టనని అమ్మాజీ తేల్చి చెప్పింది.

అమావాస్య పొద్దున వాళ్ళ పండితుణ్ణి టాటీబంధ్ నుంచి వచ్చిన ఒక లారీల ఆసామి కారెక్కించుకుని తీసుకుపోయాడు. మొబైలు ఎత్తడు. ఆ రోజు ఊళ్ళో ఖాళీగా ఉన్న పండితుడు దొరకడమంటే హోలీ నాడు తెల్లచొక్కా కనబడినట్టే. దూబేజీ మా గుమ్మంలోకి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"శర్మాజీ, మీ పితాజీ ఒక్కసారి ఘాట్ దాకా రాగలరా?"

నాన్న పెరట్లో మడికట్టుకుని మౌనంలో ఉన్నారు. ఆయన తర్పణం అయితే గాని పెదవి కదపరు. కాసేపు ఆగండి అని నేను చెప్పి ఉంటే ఈ కథ లేదు. కాని దూబేజీ నా వైపు అంత ఆశగా చూసేసరికి నా ఛాతీ దానంతట అదే ముందుకు వచ్చింది.

"నేను లేనా దూబేజీ? నాకు మొత్తం కంఠస్థం."

అది అబద్ధం కాదు. నా కొంప ముంచిన నిజం అది.

గోడ అవతల అమ్మాజీ బరాలు వేస్తోంది. బరా అంటే మన గారెకు చెల్లెలు, ఇక్కడివాళ్ళు పితృదేవతలకు అది లేకుండా భోజనం పెట్టరు. నూనె వేడికి ఆమె పెదవులు ఎండి తెల్లబడ్డాయి. అయినా లేచి వచ్చి, గోడ మీదుగా చేయి చాపి నా తల మీద పెట్టింది. "బేటా, ఆయన తాగారని నువ్వు వచ్చి చెప్పు. నేను అప్పుడు తాగుతాను" అంది. నేను దేవతలా తలాడించాను.

ఘాట్ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక్కో పండితుడి చుట్టూ రేషన్ షాపు ముందు చేరినట్టు చేరారు. మేము ఒక మూల మెట్టు సంపాదించాం. దూబేజీ కింది మెట్టు మీద, నేను పై మెట్టు మీద. ఎత్తులో కూర్చుంటే మనిషికి తెలివి పెరిగినట్టు అనిపిస్తుంది, పెరగదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. దూబేజీ బుద్ధిగా ఒక్కో మాటా అప్పగిస్తూ, నీళ్ళు వదిలి, హఠాత్తుగా ఆగాడు.

"శర్మాజీ, భారద్వాజ అన్నారు. మాది శాండిల్య గోత్రం కదా."

పాఠకులారా, దేవుడు నాకు ఇచ్చిన అవకాశం అదే. 'అయ్యో, మరిచాను, మీ గోత్రం, మీవాళ్ళ పేర్లు చెప్పండి' అంటే సరిపోయేది. కాని అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు నా గొంతు విని ఇటు తిరిగి ఉన్నారు. అంతమంది ముందు తెలియదనడానికి నోరు రాలేదు.

"అది మీ గోత్రం కాదు దూబేజీ, నదిది."

ఆయన నది వైపు కొత్తగా, గౌరవంగా చూశాడు. నదికి గోత్రం ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియనే లేదన్నాడు. చాలామందికి తెలియదన్నాను. మరి ఈ నరసింహ ఎవరన్నాడు. ఇంకెవరు, విష్ణుమూర్తి, నీళ్ళు ఆయన చేతుల మీదుగానే పైకి వెళ్తాయన్నాను. ఆ తరువాతి ప్రశ్న ఆయన చాలా నెమ్మదిగా అడిగాడు.

"మా బాబూజీ పేరు ఎప్పుడు చెప్పాలి?"

"అది మనసులో అనుకోవాలి. పైకి అనకూడదు."

ఇన్నేళ్ళుగా ఎన్నో అబద్ధాలాడాను, ఆఫీసులో, ఇంట్లో, పెళ్ళిచూపుల్లో. ఈ ఒక్కటి మాత్రం ఇప్పటికీ గొంతులో నువ్వుగింజలా అడ్డుపడుతూనే ఉంది. దూబేజీ కళ్ళు మూసుకుని, పెదవులు కూడా కదలకుండా తండ్రిని తలుచుకుంటూ, మా తాతకు నీళ్ళు వదిలాడు.

అక్కడితో ఆగలేదు. ఎక్కడా ఆగని మంత్రం, తడుముకోని గొంతు, చేతిలో పుస్తకం లేదు. జనం నన్ను మహాపండితుణ్ణి అనుకున్నారు. భన్‌పురిలో లారీ విడిభాగాలమ్మే ఒక సేఠ్ వచ్చి, పండిత్‌జీ, మాకూ కాస్త అంటూ దూబేజీ పక్కన కూర్చున్నాడు. ధర్సీవా నుంచి ట్రాక్టర్ మీద వచ్చిన అన్నదమ్ములు ఆయన పక్కన చేరారు. వాళ్ళను చూసి ఇంకెవరో చివర్లో కూర్చున్నారు, ఎవరో నేను చూడను కూడా లేదు. వద్దనడానికి బదులు జరగండి, జరగండి, అందరికీ చోటుంది అని సర్ది కూర్చోబెట్టాను. ఇక మొదలైంది. నేను "నరసింహ శర్మాణం" అంటే వరసంతా "నరసింహ శర్మాణం" అని గర్జించడం, చేతులన్నీ ఒక్కసారి వంచి నీళ్ళు వదలడం. బతికుండగా మా తాతను ఇంట్లో ఎవరూ పేరు పెట్టి గుసగుసగా కూడా పిలవలేదు. ఆ రోజు నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వినబడేట్టు పిలిచారు.

ఆ వరస చివరి నుంచి తెలుగు వినబడింది.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను, కోపం సెయ్యకు. నరసింహ శర్మ అంటే మన గార్డుగారే కదేటి?"

చూస్తే అప్పలరాజు గారు. మా కాలనీవారే, రిటైరైన ఇంజను డ్రైవరు. మా తాత బండికి చాలాకాలం ఇంజను నడిపిన మనిషి. అరచేతిలో నువ్వులు పట్టుకుని, మోకాళ్ళు మడిచి, చక్కగా కూర్చుని ఉన్నారు.

"గట్టిగా అనకండి బాబాయ్."

"నానేటీ అన్నేదు. దాహమేసి గింజుకుంటన్నపుడు కూడా నా సేతి నీళ్ళు ముట్టనేదు ఆ మారాజు. మరగబెట్టినావా అని అడిగినాడు. ఇపుడు ఏకంగా నదిలోంచి తోడి పోయించీసినావు. పోనీలే. మా నాయన వంతు ఎపుడొస్తాదో సెప్పు, అందాకా కూకుంటాను."

ఏమంటున్నారు అని దూబేజీ అడిగాడు. మంత్రం చాలా బాగుందంటున్నారు అన్నాను. అప్పలరాజు గారికి హిందీ నాకన్నా బాగా వచ్చు. ఆయన నన్ను కాదనలేదు. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనులా నా వైపు చూస్తూ ఉండిపోయారు. నేను మిగతాది గబగబా ముగించాను. సేఠ్ నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. అన్నదమ్ములు పెట్టారు. నా కాళ్ళు ఆ బరువుకు వంకర్లు పోయాయి. అందరూ లేచారు, అప్పలరాజు గారు తప్ప.

"రండి బాబాయ్, స్కూటర్ మీద దింపుతాను."

"నువ్వెల్లు. మా నాయన పేరు వచ్చేదాకా నాను ఇక్కడే."

ఇంటికి వచ్చేసరికి అమ్మాజీ గేటు దగ్గరే ఉంది, చేతిలో నీళ్ళ గ్లాసుతో. దూబేజీ ముఖం వెలిగిపోతోంది, అయిపోయిందమ్మా, ఘనంగా అయిపోయింది అంటున్నాడు. ఆమె గ్లాసు ఎత్తి, పెదవి దాకా తెచ్చి, నా కోసం ఆగింది. నేను చెప్తే గాని తాగనంది కదా.

"ఆయన్ను పేరు పెట్టి పిలిచావు కదా, బేటా?"

అవునంటే అయిపోయేది. పొద్దుటి నుంచి ఎండిన గొంతు అది, గ్లాసు అక్కడే ఉంది, ఒక్క తల ఊపు చాలు. ఘాట్ మీద అంతమందితో అంత ధైర్యంగా అబద్ధమాడిన నోరు ఆ గ్లాసు ముందు పడిపోయింది. లేదు అమ్మాజీ అన్నాను. అంతా చెప్పేశాను.

దూబేజీకి వెంటనే ఎక్కలేదు. "మరి నది గోత్రం?" అన్నాడు.

"అబద్ధం."

"మనసులో అనుకోవాలన్నది?"

"అదీ అబద్ధమే. ఆ నీళ్ళన్నీ మా తాతకు వెళ్ళాయి."

ఆయన తిట్టలేదు. తిట్టడం ఆయనకు రాదు. చొక్కా గుండీ పెట్టుకుంటూ తీస్తూ నిలబడ్డాడు. అమ్మాజీ గ్లాసును గోడ మీద పెట్టేసింది, ఒక్క చుక్క తొణకకుండా.

"అంటే ఆయన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారన్నమాట" అంది.

భూమి చీలి నన్ను మింగేస్తుందేమోనని చూశాను. దానికీ నా మీద ఆసక్తి లేదు. ఈలోగా మౌనం ముగిసిన మా నాన్న గోడ దగ్గరికి వచ్చి మొత్తం విన్నారు. నేను ఏ శాపానికైనా సిద్ధపడి తలవంచుకున్నాను. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది.

"నది నీళ్ళా? మరిగించకుండానా?"

తరువాత గుర్తొచ్చినట్టు కోపం తెచ్చుకున్నారు. పొద్దు ఇంకా వాలలేదు, పదండి అని దూబేజీని లేవదీశారు. నాతో, "నువ్వుల డబ్బా పట్టుకురా. నోరు ఇంట్లో పెట్టి రా" అన్నారు.

మిగతావాళ్ళను వెతికి తెచ్చే పని నాది. స్కూటర్ మీద భన్‌పురి పరిగెత్తాను. సేఠ్ బేరంలో ఉన్నాడు. గ్రీజు అంటిన కౌంటర్ ముందు, గిరాకీ వింటుండగా, నేను పండితుణ్ణి కాను సేఠ్‌జీ, మీ నీళ్ళు మా తాత తాగేశాడు అని చెప్పడం ఎలా ఉంటుందో ఎవరికీ అనుభవంలోకి రాకూడదు. సేఠ్ గిరాకీని మళ్ళీ రమ్మన్నాడు.

"నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మా నాన్న ఏదీ ఇంత తేలిగ్గా పుచ్చుకున్న మనిషి కాదు. ఏదో ఒక వంక పెట్టేవాడు" అని షట్టర్ దించి నా వెనక ఎక్కాడు.

ధర్సీవా అన్నదమ్ములను పట్టుకోవడం ఎలాగా అని దారంతా కుమిలిపోయాను. చూస్తే ఘాట్ దగ్గరే ఉన్నారు, ట్రాక్టర్ స్టార్టు కాక దాన్ని తోస్తూ. అప్పలరాజు గారు మెట్టు మీది నుంచి కదలకుండానే తేల్చేశారు. "గార్డు జెండా ఊపందే బండి ఎలాగ కదులుతాది?"

ఈసారి నాన్న ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, ముందు గోత్రం, పేర్లు అడిగారు. గోత్రం తెలియదన్నవాళ్ళకు ఫరవాలేదు, పేరు చెప్పి పిలవండి చాలన్నారు. సేఠ్ వాళ్ళ నాన్నను కొంచెం భయపడుతూ పిలిచాడు. అప్పలరాజు గారు "కూర్మయ్యా" అని కేకేశారు, పొలంలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు. దూబేజీ వంతు వచ్చింది. "రామ్‌సేవక్ శర్మాణం" అని మొదట వినీ వినబడకుండా అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. మనసులో దాచుకోమని నేను చెప్పిన పేరు అది.

ఆఖరున తడిగుడ్డ పిండుతూ నాన్న హిందీలో అందరికీ చెప్పారు, పిలవడానికి ఎవరూ మిగలనివాళ్ళు ఉంటారు, ఈ నీళ్ళు వాళ్ళకు అని. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి అదే గుడ్డ, అదే పిండడం. దానికి ఒక అర్థముందని ఆ రోజే తెలిసింది.

సాయంత్రం దూబేజీ గేటు తీస్తూనే, పిలిచానమ్మా, పేరు పెట్టి పిలిచాను అన్నాడు. అమ్మాజీ నా వైపు కాక మా నాన్న వైపు చూసింది. న్యాయమే. ఆయన తలూపాక గోడ మీది గ్లాసు తీసి గటగటా తాగింది. తరువాత పళ్ళెంలో బరాలు తెచ్చి నా ముందు పెట్టి, నువ్వూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కదా అంది. ఆ బరాలు నా జన్మలో తిన్నవాటిలోకెల్లా మెత్తనివి, అయినా గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆమె గోడ మీదుగా పిలిచింది. కలలో ఆయన మళ్ళీ వచ్చారట. లోటా నిండుగా ఉందట, ముఖం కళగా ఉందట. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"కాని పక్కన ఎవరో బక్కపలచటి పెద్దాయన ఉన్నాడు బేటా. తెల్ల కోటు, చేతిలో పచ్చజెండా. మా ఆయన తాగబోతుంటే లోటాకు జెండా అడ్డం పెట్టి, 'మరిగించారా?' అని అడుగుతున్నాడు."

మా తాత తెల్ల కోటు, పచ్చజెండా సంగతి అమ్మాజీకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్నను అడిగితే, ఆయన మారలేదన్నమాట అని సంతోషించారు.

ఇప్పుడు నాన్న కూడా లేరు. తర్పణం నేనే వదులుతున్నాను, పళ్ళెం పట్టుకునేవాళ్ళు లేక నా పక్కనే మెట్టు మీద పెట్టుకుంటాను. మావాళ్ళందరి పేర్లూ అయ్యాక, స్నేహితులకని ఇచ్చే చోట, శాండిల్య గోత్రం, రామ్‌సేవక్ శర్మ అని పిలిచి ఒక దోసిలి ఎక్కువే వదులుతాను. ఆ తరువాత దూబేజీ కూర్చుంటాడు. ఆయనకు ఇప్పుడు మొత్తం వచ్చు, నేను నోరు మెదపకుండా నువ్వులు అందిస్తాను. అన్నీ అయ్యాక ఆయన ఎవరూ అడగకుండానే ఒక దోసిలి తీసుకుని "నరసింహ శర్మాణం" అంటాడు. ఎందుకు దూబేజీ అంటే, "అలవాటైపోయింది శర్మాజీ. మానేస్తే పెద్దాయన ఏమనుకుంటారో" అంటాడు.

కాబట్టి నువ్వులు, దర్భలు, ఖారూన్ నది సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా జన్మలో ఎవరి పేరూ అడగకుండా ఎవరికీ నీళ్ళివ్వను. మీరు మా ఇంటికి వచ్చి మంచినీళ్ళడిగినా ముందు గోత్రం చెప్పాల్సిందే. నదికి మాత్రం ఏ గోత్రమూ అంటగట్టను.

ఇక మా తాతకు చేసిన అన్యాయం ఒకటి మిగిలింది. అందుకని అమావాస్య ముందు రోజు సాయంత్రమే నీళ్ళు మరిగించి, చల్లార్చి, పలచటి గుడ్డలో వడగట్టి ఆయన ఇత్తడి కూజాలోనే పోసి ఉంచుతాను. ఆ కూజాను పసిపిల్లలా ఎత్తుకుని ఘాట్ మెట్లు దిగుతుంటే, నది ఒడ్డుకు నీళ్ళు మోసుకువస్తున్న ఈ పిచ్చివాడెవరా అని జనం చూస్తారు. చూడనివ్వండి.